ఇంటి భాషలో కుదిరిన డ్రా

తమిళనాట ధర్మపురి జిల్లా మహిళా కళాశాలల ఫుట్‌బాల్ సమాఖ్య అనే మహాసంస్థ వెలసి ఇన్నేళ్లయినా లోకం దానిని గుర్తించలేదంటే, ఆ దోషం లోకానిదే. సమాఖ్య తన బాధ్యతలో లోపం రానివ్వలేదు. ఏటా ఫ్లెక్సీలు కట్టించింది. వాటిలో అధ్యక్షులవారి ముఖం పూర్ణచంద్రబింబంలాగా, దాని కింద బంతి ఆవగింజలాగా కనిపించేట్టు శ్రద్ధ వహించింది. ముఖ్య అతిథులకు శాలువలు కప్పింది. ఒకరికి కప్పిన శాలువనే మరుసటి ఏడు మరొకరికి కప్పి, వస్త్రాలకు కూడా పునర్జన్మ ఉన్నదని నిరూపించింది. ఇన్ని పనుల నడుమ తీరిక చేసుకొని అప్పుడప్పుడు ఫుట్‌బాల్ కూడా ఆడించింది.

ఆరు ప్రైవేటు కళాశాలలు ఈ సమాఖ్యకు సామంతరాజ్యాలు. వాటి అసలు పేర్లు దాతల పేర్లతోనూ, ఆ దాతల తల్లిదండ్రుల పేర్లతోనూ కలిసి బస్సు పక్కభాగమంత పొడవుంటాయి గనుక జనం వాటిని ఊళ్ల పేర్లతోనే పిలుస్తారు. మనమూ అట్లే పిలుద్దాం. ప్రతి జట్టూ మిగిలిన అయిదింటితో ఒక్కొక్కసారి తలపడుతుంది. పట్టికలో మొదటి రెండు స్థానాలలో నిలిచిన జట్లు తిరుచ్చిలో జరిగే రాష్ట్ర ప్లేఆఫ్‌కు వెళతాయి. మూడో స్థానంలో నిలిచిన జట్టు కెప్టెన్‌కు ఒక స్టీలు డబ్బా బహూకరిస్తారు.

పళ్లిపట్టి జట్టు కెప్టెన్ రక్ష ఇంట్లో అటువంటి డబ్బాలు రెండున్నాయి. ఒకదానిలో ఆమె తల్లి పాపక్క మేకల కోసం ఉప్పు పోసి ఉంచుతుంది. రెండవదానిలో ఏమీ ఉంచదు. దానికి మూత సరిపోదు. రక్ష ఇప్పుడు మూడో సంవత్సరం, అంటే చివరి సంవత్సరం చదువుతున్నది. రాష్ట్ర జట్టును ఎంపిక చేసే పెద్దలు జిల్లా మైదానాల దుమ్ములో పాదం మోపరు. తిరుచ్చిలో, నీడలో, కుర్చీలలో మాత్రమే కూర్చుంటారు. వారి కంట పడాలంటే ఆమె ఆ ప్లేఆఫ్‌లో ఆడి తీరాలి. అందుకు ఇదే ఆఖరి అవకాశం. మూడో డబ్బాతో ఆమెకు పని లేదు.

లీగ్ ఆఖరి ఆదివారం నాటికి పరిస్థితి ఇది. హరూర్ జట్టు తన ఆటలన్నీ ముగించుకొని, అందరికంటె ఒక్క పాయింటు ముందు కూర్చున్నది. పళ్లిపట్టికీ ఏరియూరుకూ పాయింట్లు సమానం. వాటి మధ్య ఒక్క ఆట మిగిలింది. ఆ ఆటలో ఎవరు గెలిస్తే వారు, వారితోపాటు హరూర్‌వారు, తిరుచ్చికి పోతారు, ఓడినవారికి డబ్బా. ఆట డ్రా అయితే మాత్రం మూడు జట్లూ సమానమవుతాయి. అప్పుడు వేసిన గోల్స్, తిన్న గోల్స్ చూస్తారు. ఆ విషయంలో హరూర్ మిగిలిన ఇద్దరికంటె వెనకబడి ఉన్నది. అంటే గెలుపు వల్ల తలపడేవారిలో ఒక్కరికే మేలు. డ్రా వల్ల ఇద్దరికీ మేలు. పాపం గుడ్లు పెట్టడానికి ఈపాటి గూడు చాలు.

ఆట ధర్మపురి ఊరి చివర, సీమతుమ్మ పొదల నడుమ ఉన్న సమాఖ్య మైదానంలో. గోల్ స్తంభాలకు హొగేనకల్ నుంచి తెచ్చిన చేపల వల కట్టి ఉంది. ఎండ ఎక్కేకొద్దీ అది తన పూర్వాశ్రమాన్ని వాసనతో గుర్తుచేసింది. ఎవరైనా గెలిస్తే చాలునని ఆశపడుతూ హరూర్ జట్టు సొంత బస్సులో వచ్చి నీళ్ల ట్యాంకు నీడలో కూర్చున్నది.

ఇక్కడ ఆ సీమ విశేషమొకటి చెప్పుకోక తప్పదు. తరతరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు గడప లోపల తెలుగూ, గడప దాటితే తమిళమూ మాట్లాడతాయి. చెప్పులు విప్పే చోటనే భాషనూ మార్చుకుంటాయి. అందువల్ల ప్రతి ఇంటికీ తమ తెలుగు తమ ఇంటి బీరువాలో తాళం వేసి ఉన్న సొత్తు అనే గట్టి నమ్మకం. బస్సులో పక్కనున్న పెద్దమనిషి పొట్ట గురించి తల్లీకూతుళ్లు తెలుగులో విపులంగా చర్చించుకుంటారు. ఆ పెద్దమనిషి కిటికీలోంచి బయటికి చూస్తూ, పొట్ట లోపలికి పీల్చుకుంటాడు. ఆయనా తన ఇంట్లో ఆ భాషలోనే చీవాట్లు తింటున్నాడన్న ఊహ వారికి రాదు. చెప్పడానికి ఆయనకు మర్యాద అడ్డం. ఆ విధంగా జిల్లా అంతా ఒకరి రహస్యాలను ఒకరు వింటూ, ఏమీ విననట్టు హాయిగా బతుకుతున్నది.

పళ్లిపట్టి ఫిజికల్ డైరెక్టర్ సదాశివం, ఏరియూరు ఫిజికల్ డైరెక్టర్ జయరామన్. ఇద్దరూ మెడలో ఈలలు, ఒంటిమీద ట్రాక్‌సూట్లు ధరించి, తాము ఏనాడూ తన్నని బంతిపై సమస్త అధికారాలూ వహించేవారు. ఎన్నో ఏళ్లుగా వారి పరిచయం తమిళంలోనే సాగింది. ఆ ఉదయం మైదానం మధ్య నిలబడి ఉండగా జయరామన్‌కు ఇంటినుంచి ఫోన్ వచ్చింది.

"ఆ, చెప్పు. లేదు, ఇంకా మొదలు కాలేదు. చారు మాత్రం పెట్టేయి, చాలు. నంజుకొనేదానికి అప్పళం ఉండాది గదా."

సదాశివం ముఖంలో, పోయిందనుకున్న ఆవు సంతలో కనబడినప్పటి వెలుగు కనిపించింది.

"ఏమయ్యా జయరామా! నువ్వు మనోడా? ఇన్నేండ్లు నాతో తమిళంలోనే మాట్లాడితివే! మీ కులదైవం ఏది?"

"మాకు మునియప్ప. మీకు?"

"ఎల్లమ్మ. అట్లయితే నువ్వు నాకు పంగాళి కాదు, అన్నదమ్ముల వరస రాదు. సంబంధం కలుపుకొనే వరసే. బావా!"

"బావా!"

ఆలింగనం ముగిసిన తరువాత, బంధుత్వానికి వెంటనే ఏదైనా ప్రయోజనం ఉండాలి గనుక, సదాశివం గొంతు తగ్గించవలసిన చోట పెంచాడు. తెలుగులో మాట్లాడుతున్నప్పుడు గొంతు తగ్గించడమెందుకు?

"బావా, ఒకటి చెప్తాను, కోపం చేసుకోవద్దు. ఈ ఎండలో ఆడపిల్లలను ఎందుకు పరిగెత్తించేది? ఆట డ్రా అయితే నువ్వూ తిరుచ్చికి వస్తావు, నేనూ వస్తాను."

"హరూర్ వాళ్లు?"

"వాళ్లు డబ్బా ఎత్తుకొని పోతారు."

"మెల్లగా బావా. రిఫరీ ఈడనే ఉండాడు."

"వేడియప్పన్‌కు ఏం తెలుస్తాది? తమిళాయన. మనం ఏం మాట్లాడినా ఆయనకు కాకి అరిచినట్టే."

పక్కన కూర్చొని బంతికి గాలి కొడుతున్న రిఫరీ వేడియప్పన్ చేయి ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఆడింది. ఆ ఉదయమే ఆయన సతీమణి, ఆదివారం కూడా ఇంట్లో ఉండని మగవాళ్ల మీద, ఆ కాకి భాషలోనే సుదీర్ఘంగా ప్రసంగించి ఆయనను పంపించింది. అటు ట్యాంకు నీడలో హరూర్ కెప్టెన్ తమిళరసి నీళ్ల సీసా మూత తిప్పుతున్నదల్లా తిప్పడం మానింది. తమిళం మీది ప్రేమతో తండ్రి ఆమెకు ఆ పేరు పెట్టాడు. ఆ పేరు నోరు తిరగక ఆమె అవ్వ ఈనాటికీ "చిన్నపాపా" అనే పిలుస్తుంది.

సదాశివం తన జట్టును చుట్టూ చేర్చుకొని ఒప్పందాన్ని వినిపించాడు.

"ఆడకుండా ఎట్ల సార్ ఆడేది?" అన్నది రక్ష.

"ఆడు మే. సుమ్మా, ఊరికే ఆడు. గోల్ మాత్రం కొట్టవద్దు."

"వాళ్లు కొడితే?"

"కొట్టరు. మాట ఇచ్చినాడు. మా బావ."

"ఎప్పటినుంచి సార్ బావ?"

"ఇప్పుడే."

జట్టంతా కిసుక్కున నవ్వింది. రక్ష నవ్వలేదు. సదాశివం ఆమెను పక్కకు తీసుకొని ఒకే ఒక ప్రశ్న వేశాడు:

"నీకు తిరుచ్చి కావాలా, వద్దా?"

కావాలి. ఆ మాట అబద్ధం కాదు గనుక ఆమె ఎదురు చెప్పలేకపోయింది. తలాడించింది. తలాడించిన మరుక్షణం, విరిగిన పాలు తెలియక గుటకవేసినట్టు నాలుక మీద ఒక పులుపు నిలిచింది.

ఆ తరువాత జరిగినదానిని ఆట అన్నవారికి ఆటలంటే గౌరవం లేదని అర్థం. బంతి పళ్లిపట్టివారి కాళ్లనుంచి ఏరియూరువారి కాళ్లకు, అక్కడినుంచి మళ్లీ ఇటు, పేరంటంలో పసుపు కుంకుమల పళ్లెంలాగా మర్యాదగా చేతులు మారింది. ఎవరైనా పొరపాటున వేగంగా తన్నితే ఎదుటివారు క్షమాపణ కోరినట్టు చూశారు. పళ్లిపట్టి గోల్‌కీపర్ మాదేశ్వరి స్తంభానికి ఆనుకొని వేరుశనగ చిక్కీ కొరుక్కుంది. ఏరియూరు గోల్‌కీపర్ తన జడ విప్పి, చిక్కులు తీసి, మళ్లీ అల్లుకోవడం మొదలుపెట్టింది. సగం ఆటలో విశ్రాంతి ఇచ్చారు. దేనినుంచో ఎవరికీ తెలియలేదు. గొర్రెల మంద ఒకటి మైదానాన్ని అడ్డంగా దాటి పోయింది. ఆ రోజు అక్కడ ఒక గమ్యం పెట్టుకొని కదిలినవి అవొక్కటే.

రెండో సగంలో బంతి బయటికి పోతే, తెచ్చుకోవడానికి రక్ష ట్యాంకు వైపు వెళ్లింది. బంతి మీద కాలు పెట్టి కూర్చున్నది తమిళరసి.

"ఏమే రక్షా, మెల్లగా తన్నుతుండావు? బంతికి నొప్పి అవుతాదనా?"

ఆ మాట తెలుగు.

"నీకు తెలుగు తెలుసా?"

"మా అవ్వకు తమిళం రాదు మే. నాకు ఇంకేం తెలుస్తాది? మీ సారూ ఆ సారూ నిశ్చితార్థం మాట్లాడుకొన్నట్టు నడి గ్రౌండులో అరిచినారు. మా బస్సు డ్రైవర్‌కు కూడా అర్థమైపోయింది. చూడు ఎట్ల నవ్వుతుండాడో."

డ్రైవర్ నిజంగానే నవ్వుతున్నాడు. అతని పక్కన సోడా బండివాడూ నవ్వుతున్నాడు. రక్ష వెనక్కు తిరిగి రిఫరీ వైపు చూసింది. వేడియప్పన్ తన ఈలను, మొదటిసారి చూస్తున్న వస్తువులాగా, పరిశీలిస్తున్నాడు.

"మాకు మాత్రం తిరుచ్చి వద్దా?" అని బంతిని ఆమె వైపు తోసింది తమిళరసి. "ఆడి ఓడించు, పోతాము. ఇట్ల కాదు. థూ."

దొంగతనం బయటపడినందుకు రక్షకు సిగ్గు కలిగిందని అనుకోవచ్చు. అది కొంతమేరకే నిజం. ఆమెకు ఓకరింత పుట్టించినది వేరు. మైదానంలో ఉన్నవారందరికీ తెలుసు. ఈల ఉన్నవాడికీ తెలుసు. అయినా అందరూ తమకు తెలియనట్టు, ఎండలో, ఓపికగా, మర్యాదగా కూర్చున్నారు. ఒక చచ్చిన ఎలుక ఇంట్లో ఎక్కడో కుళ్లుతుంటే అతిథులందరూ ముక్కు మూసుకోకుండా కాఫీ తాగుతున్నట్టుంది.

కొద్దిసేపటికి మధ్యగీత దగ్గర బంతి ఆమె కాలికి వచ్చింది. ఆమె పరుగెత్తింది. ఎవరైనా పరుగెత్తితే ఏం చేయాలో ఒప్పందంలో లేదు గనుక ఏరియూరు అమ్మాయిలు దారి ఇచ్చారు, ఒకతె "ఏమైంది అక్కా?" అని పరామర్శించింది కూడా. గోల్‌కీపర్ రెండు చేతులూ జడలో ఉన్నాయి. రక్ష తన్నిన బంతి ఆమె చెవి పక్కగా పోయి చేపల వలలో పడి, పెద్ద చేపలాగా కొట్టుకొని ఆగింది.

తన జట్టు గోల్ వేస్తే రెండు చేతులతో తల బాదుకొన్న శిక్షకుడు ఫుట్‌బాల్ చరిత్రలో ఉన్నాడో లేడో పరిశోధకులు తేల్చాలి. సదాశివం బాదుకొన్నాడు.

"అయ్యయ్యో! ఏం పని చేస్తివే పాపీ!"

"బావా!" అన్నాడు జయరామన్, పెళ్లి పందిట్లో అవమానం పొందిన వియ్యంకుడి గొంతుతో. "ఇదేనా నీ మాట? ఇదేనా మన సంబంధం?"

"తప్పయిపోయింది బావా! ఇప్పుడే సరిచేస్తాను, చూడు!" సదాశివం తన గోల్ వైపు పరుగెత్తాడు. ఆయన పరుగెత్తగలడని ఆనాడే లోకానికి తెలిసింది. "మాదేశ్వరీ! ఒకటి ఇచ్చేయి! బంతి లోపలికి వేసేయి!"

మాదేశ్వరి చిక్కీ మింగింది. "మన గోల్‌లోకా సార్?"

"మనదే! మనదే!"

ఆట మళ్లీ మొదలైంది. ఏరియూరువారు బంతిని సవినయంగా మాదేశ్వరి చేతికి అందించి పక్కకు తప్పుకున్నారు. మాదేశ్వరి బంతిని పట్టుకొని తన గోల్ వైపు తిరిగింది. అక్కడ, రెండు స్తంభాల నడుమ, కాళ్లు ఎడం చేసుకొని రక్ష నిలబడి ఉంది. తన కోటను తన సైన్యం నుంచే కాపాడుకోవలసిన సేనాని దృశ్యం పెద్ద పెద్ద యుద్ధచరిత్రలలో కూడా అరుదు.

"జరుగు అక్కా."

"వేసినావంటే చూడు."

"నేనేం చేసేది అక్కా? సార్ చెప్తుండాడు. నీకు తిరుచ్చి కావల్ల గదా?"

"ఇప్పుడు ఒకటి ముందు ఉండాము మే! ఇట్లే ఉంటే పోతాము! గెలిచి పోతాము!"

ఆ వాదంలోని తర్కం మాదేశ్వరికి అర్థమైంది. కాని తర్కం దూరంగా ఉంది, సదాశివం దగ్గరగా ఉన్నాడు. ఆమె కళ్లు మూసుకొని బంతిని పై మూలకు విసిరింది. రక్ష ఎగిరింది. తలకు అందదని తెలిసి చేయి చాచింది. బంతి అరచేతికి తగిలి గీత ఇవతల పడింది.

అప్పుడు వేడియప్పన్ ఈల మోగింది. ఆ రోజంతా కళ్లూ చెవులూ మూసుకొన్న ఆ ధర్మమూర్తికి నియమావళి ఒక్కసారిగా జ్ఞాపకం వచ్చింది: గోల్‌కీపర్ కాని క్రీడాకారిణి గోల్‌లోకి పోతున్న బంతిని చేతితో ఆపరాదు. ఎర్రకార్డు. పెనాల్టీ. మూడు వేళ్లతో కార్డును ఎత్తి పట్టుకొన్నప్పుడు ఆయన ముఖంలో, న్యాయం జరిగినప్పుడు మాత్రమే కలిగే ప్రశాంతత ఉంది. ఏరియూరు అమ్మాయి పెనాల్టీ కొట్టింది. మాదేశ్వరి రెండో వైపుకు దూకింది. స్కోరు సమం. ఆట సమాప్తం. బావాబావమరదులు మళ్లీ కౌగిలించుకొన్నారు. ఇద్దరికీ అధ్యక్షులవారు శాలువలు కప్పారు.

పళ్లిపట్టి, ఏరియూరు జట్లు తిరుచ్చికి అర్హత పొందాయి. ఎర్రకార్డు తిన్నవారు తరువాతి ఆట ఆడరాదు. ప్లేఆఫ్‌లో ఒక్క ఆట ఓడినా ఇంటికే. రక్ష లేని పళ్లిపట్టి మొదటి ఆట దాటుతుందని పళ్లిపట్టివారే నమ్మరు. అందువల్ల, మైదానంలో ఆనాడు ఫుట్‌బాల్ ఆడిన ఒకే ఒక వ్యక్తికి తిరుచ్చిలో చోటు లేదు.

హరూర్ కళాశాల ఫిర్యాదు చేసింది. పళ్లిపట్టి శిక్షకుడు తన గోల్‌లోనే బంతి వేయమని అరిచాడని, విన్నవారున్నారని. విచారణకు సమాఖ్య తేదీ ప్రకటించింది. మరునాడు సదాశివం రక్ష ఇంటికి వచ్చాడు. పాపక్క ఆవు పాలు పితుకుతున్నది, లేవలేదు.

"రక్షా, మన అధ్యక్షులు పెద్దాయనతో మాట్లాడినాను," అన్నాడు సదాశివం. "ఎర్రకార్డు రద్దు చేసేస్తారు. కండిప్పా, తప్పకుండా చేస్తారు. నువ్వు తిరుచ్చికి వస్తావు. ఒకే ఒక మాట చెప్పల్ల. సార్ ఏమని అరిచినాడు అని అడుగుతారు. 'బాగా ఆడండి, ధైర్యంగా ఆడండి' అన్నాడు అని చెప్పు. అంతే."

"వాళ్లు నమ్ముతారా సార్?"

"నమ్మేది ఏముండాది? వాళ్లలో తెలుగు తెలిసినోళ్లు ఒక్కరూ లేరు. నువ్వు ఏం చెప్తే అదే అర్థం."

పాపక్క పాలచెంబు మీదినుంచి తల ఎత్తకుండానే అడిగింది: "సారూ, ఆటకు పోయి వచ్చినప్పటినుంచి మా పాపకు కడుపులో తిప్పుతుండాది. ఏం తినిపించినారు దానికి?"

"మేమేం తినిపించలేదమ్మా."

"అట్లయితే ఏమో చూపించినారు."

సదాశివం కాఫీ తాగకుండానే వెళ్లాడు. రక్ష ఆ సాయంకాలమంతా మేకల మధ్య కూర్చొని ఆ ఒక్క మాటను నోటిలో తిప్పి చూసుకొన్నది. బాగా ఆడండి. ధైర్యంగా ఆడండి. ఎంత మంచి మాటలు! ఎవరికి నష్టం? హరూర్‌కు. హరూర్ ఎవరు? తమిళరసి. తమిళరసి ఆమెకు ఏమవుతుంది? ఏమీ కాదు. తిరుచ్చి మైదానంలో నిజమైన గడ్డి ఉంటుందని, మోకాళ్లు గీరుకోవని ఎవరో చెప్పారు.

విచారణ మహాసభ సమాఖ్య కార్యాలయంలో, ఒక ఎరువుల దుకాణం మేడమీద జరిగింది. అధ్యక్షులు గోవిందరాజప్ప, విశ్రాంత ప్రిన్సిపాల్, ఫ్లెక్సీలో కంటె కొంచెం చిన్న ముఖంతో మధ్య కుర్చీలో ఆసీనులయ్యారు. ఇరువైపులా నలుగురు సభ్యులు. అధ్యక్షులవారు తమిళంలో గంభీరంగా ప్రారంభించారు: ఈ వ్యవహారం తెలుగు అనే భాషలో నడిచినట్టు ఆరోపణ, ఆ భాష సభ్యులలో ఎవరికీ తెలియదు, ఈ విషయాన్ని ముందుగా నమోదు చేయవలసినది. కార్యదర్శి నమోదు చేశాడు. సభ్యులు ఒకరి తరువాత ఒకరు తల ఊపారు. వారిలో ఒక్కరి ఇంట్లోనైనా ఆ పూట చారును తమిళంలో వడ్డించి ఉంటారా అంటే సందేహమే.

వేడియప్పన్ సాక్ష్యం చెప్పాడు: శబ్దం విన్నాడు, అర్థం వినలేదు. తమిళరసి చెప్పబోయింది, ఫిర్యాదు చేసిన పక్షం మనిషి గనుక ఆమె మాట చెల్లదన్నారు. ఆమె గోడకు ఆనుకొని నిలబడింది. చివరికి రక్షను పిలిచారు. అధ్యక్షులవారు కన్నతండ్రి గొంతుతో, మంచి తమిళంలో అడిగారు: అమ్మా, మీ సార్ ఆనాడు ఏమని అరిచారు? భయపడకుండా చెప్పు. మూలన సదాశివం ప్రోత్సాహకరంగా చిరునవ్వు నవ్వాడు. పక్కన జయరామన్ కూడా నవ్వాడు.

రక్ష నోరు తెరిచింది. నాలుక మీద ఆ పులుపు ఇంకా ఉంది. ఆమెకు తమిళం బాగానే వచ్చు. పరీక్షలన్నీ ఆ భాషలోనే రాసింది. అయినా ఆమె మొదలుపెట్టింది తెలుగులో.

"ఒకటి ఇచ్చేయి, బంతి లోపలికి వేసేయి అన్నాడు సార్. మన గోల్‌లోకా అంటే, మనదే అన్నాడు."

సదాశివం చిరునవ్వు ముఖం మీదనే ఎండిపోయింది. అధ్యక్షులవారు కనుబొమలు ఎత్తి, తమిళంలో చెప్పవలసినదిగా, ఆ భాష తమకు తెలియదని ఇదివరకే నమోదైనట్టుగా ఆదేశించారు.

"అవును సార్. తెలియదు గదా." రక్ష అదే గొంతుతో, అదే భాషలో, అధ్యక్షులవారి వైపు చూస్తూ అన్నది: "సార్, మీ భుజం మీద బల్లి పడింది."

గోవిందరాజప్ప కుర్చీలోంచి లేచిన వేగం ఆయన వయసుకు తగదు.

"ఏ భుజం మే? ఎడమదా, కుడిదా?"

"కుడిదైతే మంచిదే అన్నా," అన్నాడు పక్కనున్న సభ్యుడు, తానూ లేచి వెతుకుతూ. "ఎడమదైతేనే కష్టం."

"కదలవద్దు, కదలవద్దు," అన్నాడు ఇంకొకడు. "మీద పడినాక తలకు పోసుకోవల్ల."

వాకిలి దగ్గరినుంచి వేడియప్పన్ పరుగున వచ్చి, అధ్యక్షులవారి వీపు పరీక్షించి, భక్తితో నివేదించాడు: "ఏమీ లేదు సార్. ఈడ ఏమీ కనబడలేదు."

ఇదంతా తెలుగులో జరిగింది.

ఆ సంగతి గదిలోని వారికి ఒక్కొక్కరికే తెలిసివచ్చింది. మొదట మాట్లాడినవాడు మొదట ఆగాడు. అధ్యక్షులవారి చేయి భుజం మీదనే నిలిచింది. కింద ఎరువుల దుకాణంలో ఎవరో బస్తా దించిన చప్పుడు వినిపించింది. గోడకు ఆనుకొని ఉన్న తమిళరసి చున్నీ నోటికి అడ్డం పెట్టుకొన్నది.

"బల్లి లేదు సార్," అన్నది రక్ష.

కార్యదర్శి కలం పట్టుకొని, పాపం, నిజాయితీగానే అడిగాడు: "ఇది కూడా రాసేదా అన్నా?"

ఆయన అడిగినదీ తెలుగులోనే.

తీర్పు వచ్చింది. న్యాయం మీది ప్రేమతో వచ్చిందని ఎవరూ అనుకోనక్కరలేదు. గదిలోంచి త్వరగా బయటపడాలన్న ఆత్రంతో వచ్చింది. ఆ ఆట రద్దు. పళ్లిపట్టి, ఏరియూరు జట్లకు రెండింటికీ ప్లేఆఫ్ నిషేధం. హరూర్‌తోపాటు, పట్టికలో ఎవరూ తలచుకోని నాలుగో జట్టు తిరుచ్చికి. సదాశివానికీ జయరామన్‌కూ మందలింపు. అది ఏ భాషలో జరిగిందో నమోదు కాలేదు. రక్ష ఎర్రకార్డు మాత్రం నియమం ప్రకారం సరైనదేనని స్థిరపరిచారు. ఆమెకు ఇక ఆడవలసిన ఆట లేదు గనుక ఆ శిక్ష ఎప్పటికీ అమలు కాకుండా, ఎప్పటికీ రద్దు కాకుండా, సమాఖ్య దస్త్రాలలో చిరంజీవిగా ఉండిపోయింది.

జట్టు అమ్మాయిలు కొన్నాళ్లు రక్షతో మాట్లాడలేదు. మాదేశ్వరి ఒక్కతే వచ్చి, "నువ్వు సార్ నేర్పిన మాటే తమిళంలో చెప్పింటే పోయింటాము గదా అక్కా," అన్నది, కోపంతో కాదు, ఇంకా అర్థం కాక. తిరుచ్చి రక్షకు ఆనాడూ కావాలి, ఈనాడూ కావాలి. ఆ సంగతి తీర్పుతో మారలేదు.

ప్లేఆఫ్ ముగిసిన మరునాడు తమిళరసి ఫోన్ చేసింది.

"ఓడిపోయినాము మే. మొదటి ఆటలోనే. వాళ్లు ఆడుతుంటే మేము చూస్తూ నిలబడినాము."

"గడ్డి ఉండాదా ఆడ?"

"ఉండాది. పచ్చగా, పరుపు మాదిరి. పడినా నొప్పి తెలియలేదు. నువ్వు ఉండింటే వాళ్లకు తెలిసేది."

రక్ష ఫోన్ పెట్టేసి, ఉప్పు డబ్బా తీసుకొని మేకల దగ్గరికి వెళ్లింది.

ఆ నెలాఖరున సమాఖ్య నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. ఈ ఏడు మూడో స్థానమనేది ఎవరికీ చెందకపోయినా, బహుమతి ముందే చేయించారు. చేయించినదానిని ఎవరికో ఒకరికి ఇవ్వకుండా ఉండటం సమాఖ్య సంప్రదాయం కాదు. పెట్టెలో స్టీలు డబ్బా. పాపక్క మూత తీసి, మళ్లీ పెట్టి, తిప్పి చూసింది.

"ఈ సారి మూత బాగా సరిపోయింది మే. ఏం పెట్టేది దీంట్లో?"

"పేడ పెట్టు."

"ఛీ, మంచి డబ్బాకు పేడ ఎందుకే?"

రక్ష మూతను వెలుతురు వైపు తిప్పి చూపించింది. దాని మీద, బంతి బొమ్మ పైన, అధ్యక్షులవారి ముఖం పూర్ణచంద్రబింబంలాగా అచ్చువేసి ఉంది. పాపక్క ఆ ముఖాన్ని కాసేపు చూసింది. కొంగుతో ఒకసారి తుడిచి మళ్లీ చూసింది. తరువాత డబ్బా చంకన పెట్టుకొని కొట్టం వైపు నడిచింది.

"సరే," అన్నది వెళుతూ. "పేడే పెడతాను."